రైళ్లు ఆగినా ఆఫీసు టూర్ వెళ్లాల్సిందేనా? జంషెడ్‌పూర్ అనుభవం ఏం చెబుతోంది

జంషెడ్‌పూర్‌లోని ఒక ఆఫీసు బృందం వారాంతంలో పూరీ టూర్ వేసుకుందనుకుందాం. టాటానగర్ స్టేషన్‌లో వాళ్లు ఎక్కిన రైలు ఘాట్‌శిలా, చాకులియా, ఝార్‌గ్రామ్ దాటి ఖేమాసులి అనే చిన్న స్టేషన్ మీదుగా ఖరగ్‌పూర్ వైపు వెళ్తుంది. అక్కడి నుంచి దక్షిణానికి మళ్లి బాలేశ్వర్, కటక్, భువనేశ్వర్‌ల మీదుగా పూరీ చేరుతుంది. ఖేమాసులి దగ్గర పట్టాలు మూతపడితే ఆ టూర్ అక్కడితో ఆగిపోయినట్టే.

2022 సెప్టెంబరు 20న సరిగ్గా అదే జరిగింది. తమను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చాలని కోరుతూ కుర్మీ సంఘాలు ఖేమాసులి దగ్గర పట్టాలపై బైఠాయించాయి. ఆందోళన ఐదు రోజులు సాగింది. హౌరా-ముంబయి ప్రధాన మార్గంలో పెద్ద సంఖ్యలో రైళ్లు రద్దయ్యాయి, మరికొన్నింటిని దారి మళ్లించారు. 2023 ఏప్రిల్‌లో మళ్లీ అదే చోట అదే పరిస్థితి. 2025 సెప్టెంబరు 20న, అదీ శనివారం నాడు, ఝార్ఖండ్‌లోని అనేక స్టేషన్లలో రైళ్లు నిలిచిపోయాయి.

ఇలాంటి రోజున టూర్ పెట్టుకున్న కంపెనీ ముందు మూడు దారులుంటాయి. రద్దు చేయడం, వాయిదా వేయడం, లేదా ఎలాగోలా వెళ్లిపోవడం. హోటల్‌కు అడ్వాన్సు కట్టేశాక, అందరూ సెలవులు సర్దుకున్నాక, మూడో దారి వైపే మొగ్గు ఎక్కువగా ఉంటుంది. 'రైలు లేకపోతే బస్సు మాట్లాడదాం' అని ఎవరో ఒకరు అంటారు, మిగతావాళ్లు సరేనంటారు.

ఆ నిర్ణయం తీసుకునేది ఒకరిద్దరు. దాని ప్రమాదాన్ని మోసేది మాత్రం బస్సెక్కిన అందరూ. దారిలో ఏదైనా జరిగితే అది ఉద్యోగంలో జరిగినట్టా, సొంత విహారంలో జరిగినట్టా? బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు దేశంలోని న్యాయస్థానాలు ఇచ్చిన ముఖ్యమైన సమాధానాల్లో ఒకటి జంషెడ్‌పూర్ నుంచే వచ్చింది.

జంషెడ్‌పూర్‌కు దారులు ఎన్ని?

జంషెడ్‌పూర్ పెద్ద పారిశ్రామిక నగరమే కానీ, బయటి ప్రపంచంతో దాన్ని కలిపే దారులు తక్కువ. హౌరా నుంచి సుమారు 250 కి.మీ. దూరంలో, హౌరా-ముంబయి ప్రధాన రైలు మార్గంపై టాటానగర్ స్టేషన్ ఉంది. తూర్పుకు ఖరగ్‌పూర్, పడమరకు చక్రధర్‌పూర్, రూర్కెలా. ఉత్తరానికి చాండిల్ మీదుగా పురూలియా, ఆద్రా వైపు ఒక మార్గం వెళ్తుంది. దక్షిణాన బాదాంపహాడ్‌కు ఒక లైను ఉంది కానీ అది ఇనుప ఖనిజం కోసం వేసింది, కోస్తాకు దారి కాదు.

2022, 2023 ఆందోళనల్లో ఖేమాసులితో పాటు పురూలియా జిల్లాలోని కుస్తావుర్ స్టేషన్‌నూ దిగ్బంధించారు. అంటే తూర్పు దారీ, ఉత్తర దారీ ఒకేసారి మూతపడ్డాయి. ఖేమాసులి దగ్గర జాతీయ రహదారిని కూడా అడ్డుకోవడంతో కోల్‌కతాకు రోడ్డున వెళ్లాలనుకున్నవారికీ ఇబ్బందే అయింది.

1931 జనగణనలో తమను తెగగా గుర్తించారని, 1950 నాటి షెడ్యూల్డ్ తెగల జాబితాలో తమను వదిలేశారని కుర్మీ సంఘాలు వాదిస్తాయి. కుర్మాలీ భాషను రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలులో చేర్చాలన్నది వారి మరో డిమాండ్. ఇప్పటికే ఆ జాబితాలో ఉన్న ఆదివాసీ సంఘాలు దీన్ని వ్యతిరేకిస్తున్నాయి. వివాదం తేలలేదు కాబట్టి మళ్లీ రైల్ రోకో జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఆందోళనలు ఒక్కటే కారణం కాదు. 2024 జులై 30 తెల్లవారుజామున టాటానగర్‌కు పడమరన బడాబాంబో దగ్గర హౌరా-ముంబయి మెయిల్ పట్టాలు తప్పి ఇద్దరు మరణించారు. ఆ ప్రధాన మార్గంలో రాకపోకలు స్తంభించాయి. అదే ఏడాది అక్టోబరులో 'దానా' తుపాను ఒడిశా తీరాన్ని తాకబోతుండగా వందల రైళ్లను రద్దు చేశారు, పూరీలోని పర్యాటకులను ఖాళీ చేసి వెళ్లిపొమ్మన్నారు. చలికాలంలో పొగమంచు ఎలాగూ ఉంటుంది.

విమానం సంగతి చూస్తే, సోనారీలో చిన్న ఎయిర్‌పోర్టు ఉంది కానీ అక్కడ పెద్ద విమానాలు దిగవు. ధల్‌భూమ్‌గఢ్‌లో కొత్త విమానాశ్రయానికి 2019లో శంకుస్థాపన చేశారు, అది ఇంకా పూర్తి కాలేదు. విమానం ఎక్కాలంటే సుమారు 130 కి.మీ. దూరంలోని రాంచీకో, కోల్‌కతాకో పోవాలి. 2025 డిసెంబరులో పైలట్ల విశ్రాంతి నిబంధనలకు తగ్గట్టు సిబ్బంది లేక ఇండిగో సర్వీసులు కుప్పకూలినప్పుడు, 5వ తేదీ ఒక్కరోజే దేశవ్యాప్తంగా 1,000కి పైగా విమానాలు రద్దయ్యాయి. ఆఫీసు టూర్లు ఎక్కువగా ఉండే నెల అది.

ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి తరాలుగా జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పరిస్థితి కొత్త కాదు. ఊరికి పెళ్లికో పండక్కో బయల్దేరేటప్పుడు ఏ రైలు నడుస్తోందో, ఏది మళ్లిందో చూసుకోవడం వాళ్లకు అలవాటే.

టూర్ ఎందుకు ఆగదు?

ఉద్యోగుల వినోదం కూడా కంపెనీ బాధ్యతేనన్న ఆలోచన జంషెడ్‌పూర్‌లో ఊరు పుట్టకముందే ఉంది. ఉక్కు కర్మాగారానికి స్థలం కూడా ఖరారు కాకముందు, 1902లో జంషెట్‌జీ టాటా తన కుమారుడు దొరాబ్‌కు రాసిన లేఖలో కార్మికుల పట్టణానికి నీడనిచ్చే చెట్లు, తోటలు, ఆటస్థలాలు, ప్రార్థనాలయాలు ఉండాలని సూచించారు. 1907లో ఏర్పడిన టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1912లోనే 8 గంటల పనిదినాన్ని, 1920లో వేతనంతో కూడిన సెలవును, అదే ఏడాది ప్రమాద పరిహార పథకాన్ని ప్రవేశపెట్టింది. దేశంలో కార్మికుల పరిహార చట్టం వచ్చింది 1923లో.

జూబ్లీ పార్కు, డిమ్నా సరస్సు కంపెనీ చేతుల మీదుగా తయారైనవే. డిమ్నాను నీటి సరఫరా కోసం కట్టారు, తర్వాత అది ఊరి వారి పిక్నిక్ స్థలమైంది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడా, దల్మా కొండల దగ్గరా, చాండిల్ డ్యామ్ దగ్గరా, సువర్ణరేఖా ఖర్కాయీ కలిసే దోముహానీ దగ్గరా వంటలు చేసుకునే బృందాలు కనిపిస్తాయి.

ఇప్పటి టీమ్ అవుటింగ్ ఈ పాత పిక్నిక్‌కు కొనసాగింపే. కాకపోతే దూరం పెరిగింది, రాత్రి బస చేరింది, ఖర్చు పెరిగింది. ఖర్చుతో పాటు 'ఇంత పెట్టాక ఆపడమా' అన్న పట్టుదలా పెరిగింది. ఆఫీసులో పది వారాలుగా అనుకుంటున్న టూర్‌ను చివరి నిమిషంలో ఆపితే నిరుత్సాహం ఉంటుంది, నిజమే. అయితే కట్టేసిన అడ్వాన్సు వెళ్లినా వెళ్లకపోయినా తిరిగి రాదు. తేల్చుకోవాల్సింది ఇక ముందు పెట్టబోయే ఖర్చు, ఎదురయ్యే ప్రమాదం సంగతి. ఆ రెండు లెక్కలూ కలిసిపోయినప్పుడే తప్పటడుగులు పడతాయి.

ఇండిగో సంక్షోభం సమయంలో భువనేశ్వర్‌లో చిక్కుకుపోయిన ఒక కొత్త జంట, హుబ్బళ్లిలో జరిగిన తమ రిసెప్షన్‌కు వీడియోలో హాజరైంది. హాలు, భోజనాలు, బంధువులు అన్నీ సిద్ధంగా ఉండటంతో పెద్దలు వేడుక ఆపలేదు. ప్రయాణం కుదరని మనుషులను బలవంతంగా రోడ్డెక్కించకుండానే కార్యక్రమం నడిపించారు. ఆఫీసు టూర్‌లో ఆ వెసులుబాటు ఉండదు. అక్కడ ప్రయాణమే కార్యక్రమం.

దారి మారితే ప్రమాదమూ మారుతుంది

ఖేమాసులి మూసుకుపోయినా జంషెడ్‌పూర్ నుంచి పూరీకి రోడ్డు ఉంటుంది. 18వ నంబరు జాతీయ రహదారిపై ఘాట్‌శిలా, బహరాగోడా, బారిపదా మీదుగా బాలేశ్వర్ చేరి, అక్కడి నుంచి 16వ నంబరు రహదారి పట్టుకోవచ్చు. కాబట్టి 'బస్సు మాట్లాడదాం' అన్నది తెలివైన ప్రత్యామ్నాయంగానే కనిపిస్తుంది.

కానీ రైలుకు బదులు బస్సెక్కడం వాహనం మార్చినంత తేలిక కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. టూర్‌లో ఒక రోజు వృథా కాకూడదని బస్సులు రాత్రిపూటే బయల్దేరతాయి. రైళ్లు ఆగిన రోజున అద్దె బస్సులకు గిరాకీ పెరుగుతుంది. కోరుకున్న బస్సు కాక దొరికిన బస్సు వస్తుంది. ముందురోజు రాత్రి ఎక్కడ నడిపి వచ్చాడో తెలియని డ్రైవరు వస్తాడు. బస్సులో అత్యవసర ద్వారం తెరుచుకుంటుందో లేదో చూసే తీరిక ఎవరికీ ఉండదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాద్-బెంగళూరు స్లీపర్ బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు మరణించిన ఘటన తెలుగువారు మరిచిపోలేదు. రోడ్డుపై పడి ఉన్న మోటారు సైకిల్‌ను ఢీకొన్నాక మంటలు చెలరేగాయి. నిద్రలో ఉన్నవారికి బయటపడే సమయం దొరకలేదు.

రైల్వే శాఖ కూడా ఈ ప్రాంతంలో ఒకప్పుడు రాత్రి ప్రయాణం గురించి ఇలాంటి లెక్కే వేసుకుంది. 2010 మే 28న ఖేమాసులి-సర్దిహా మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి, ఎదురుగా వచ్చిన గూడ్సు రైలు ఢీకొని 140 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత చాలాకాలం ఆ మార్గంలో రాత్రివేళ ప్రయాణికుల రైళ్లు నడపలేదు. ఆలస్యాలు, అసౌకర్యాలు భరించారు కానీ చీకట్లో రైలు పంపలేదు. ప్రయాణాన్ని ఆపడం కూడా నిర్వహణలో భాగమేనని అప్పటి నిర్ణయం చెబుతుంది.

1989 మార్చి 3: కంపెనీ వేడుకలో ఏం జరిగింది?

కంపెనీ పిలిచిన చోటికి ఉద్యోగి కుటుంబంతో వెళ్లినప్పుడు ప్రమాదం జరిగితే ఎంత నష్టం ఉంటుందో జంషెడ్‌పూర్‌కు బాగా తెలుసు. 1989 మార్చి 3 జంషెట్‌జీ టాటా 150వ జయంతి. ఏటా జరిగే వ్యవస్థాపక దినోత్సవాన్ని ఆ ఏడాది మరింత ఘనంగా ఏర్పాటు చేశారు. కర్మాగారం ఆవరణలో వేడుకలు చూస్తున్నవారు కూర్చున్న పందిరికి నిప్పంటుకుంది. 60 మంది చనిపోయారు, 113 మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో 26 మంది పిల్లలు, 25 మంది మహిళలు, 9 మంది పురుషులు.

ఈ అంకెల్లో గమనించాల్సింది ఒకటుంది. మృతుల్లో ఎక్కువమంది ఆ రోజు అక్కడికి పని చేయడానికి వచ్చినవారు కాదు. వేడుక చూడటానికి వచ్చిన కుటుంబ సభ్యులు. అయినా వారి మరణానికి పరిహారం ఎంత అన్న ప్రశ్న సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. పరిహారాన్ని లెక్కగట్టే పనిని కోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌కు అప్పగించింది. ఆయన నివేదికపై అభ్యంతరాలను విని 2001 ఆగస్టు 16న తీర్పు ఇచ్చింది. 'లతా వాధ్వా వర్సెస్ స్టేట్ ఆఫ్ బిహార్'గా పేరొందిన ఆ తీర్పును మోటారు ప్రమాదాల పరిహార కేసుల్లో ఇప్పటికీ ఉదహరిస్తుంటారు.

అందులో రెండు అంశాలు ముఖ్యమైనవి. గృహిణి జీతం తేకపోయినా ఆమె చేసే పనికి విలువ కట్టాలని చెబుతూ, ఆ విలువను నెలకు 3,000 రూపాయలుగా తీసుకున్నారు. అంతకుముందు లెక్కలో అది ఏడాదికి 12,000 రూపాయలు. అంటే మూడింతలైంది. ఇక పదేళ్లు దాటిన పిల్లల విషయంలో, ఉద్యోగి పిల్లల్లో ఒకరికి కంపెనీలో ఉద్యోగం ఇచ్చే ఆనవాయితీ ఉందన్న సంగతిని పరిగణనలోకి తీసుకున్నారు. ఆ పిల్లలు బతికుంటే కుటుంబానికి అందేదాన్ని ఏడాదికి 12,000 నుంచి 24,000 రూపాయలకు పెంచారు.

అంటే కంపెనీ తన ఉద్యోగులతో పెంచుకున్న అనుబంధమే పరిహారం లెక్కలోకి వచ్చింది. వేడుకకు కుటుంబమంతా కలిసి రండి అని పిలిచే సంబంధం ఉన్నప్పుడు, ప్రమాదం తర్వాత 'వాళ్లు మా ఉద్యోగులు కారు' అని దూరం జరగడం కుదరదు.

నిర్వాహకుల బాధ్యతపై మరో రెండు తీర్పులు

అదే నెలలో, 2001 ఆగస్టు 24న సుప్రీంకోర్టు మరో పిక్నిక్ కేసులో తీర్పు ఇచ్చింది. 1995 మేలో పంజాబ్‌లోని ఒక పాఠశాల నుంచి బియాస్ నది ఒడ్డుకు పిక్నిక్‌కు తీసుకెళ్లిన పిల్లల్లో 14 మంది మునిగిపోయారు. ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయలు చెల్లించాలన్న హైకోర్టు ఆదేశాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. వెంట తీసుకెళ్లినవారిపై జాగ్రత్త తీసుకునే బాధ్యత ఉంటుందని, ఉపాధ్యాయుల నిర్లక్ష్యానికి యాజమాన్యం జవాబు చెప్పాలని స్పష్టం చేసింది.

తెలుగు రాష్ట్రాలకు మరింత దగ్గరి ఘటన 2014 జూన్ 8న జరిగింది. హైదరాబాద్‌లోని వీఎన్‌ఆర్ విజ్ఞాన జ్యోతి ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటుండగా, ఎగువన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీరు ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. 2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు ఒక్కో విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అందులో 60 శాతం విద్యుత్ బోర్డు, 30 శాతం కళాశాల, 10 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించాలని చెప్పింది.

నీరు వదిలింది కళాశాల కాదు. అయినా విద్యార్థులను తీసుకెళ్లినవారిగా దానిపై 30 శాతం బాధ్యత పడింది. ప్రమాదానికి అసలు కారణం బయటి వాళ్లే అయినా, తీసుకెళ్లినవారి వాటా సున్నా కాదని ఈ తీర్పు చెబుతోంది. రైలు ఆపింది కంపెనీ కాదు, రోడ్డుపై ఎదురొచ్చిన లారీ కంపెనీది కాదు. కానీ ఆ రాత్రి ఆ బస్సు బయల్దేరాలని నిర్ణయించింది ఎవరన్న ప్రశ్న మిగులుతుంది.

చట్టం దృష్టిలో టూర్ 'పని'లో భాగమేనా?

విద్యార్థుల సంగతి వేరు, ఉద్యోగుల సంగతి వేరు. ఉద్యోగులకు ప్రమాద పరిహారం రావాలంటే అది 'ఉద్యోగం కారణంగా, ఉద్యోగ క్రమంలో' జరిగి ఉండాలన్నది 1923 చట్టం నుంచీ వస్తున్న సూత్రం. కోర్టులు దీన్ని ఒకప్పుడు ఇరుకుగా చదివాయి. పని ముగించుకుని పడవలో క్రీక్ దాటుతూ మునిగిపోయిన ఉప్పు కర్మాగారం కార్మికుల కేసులో, అది ఉద్యోగ క్రమంలో జరిగింది కాదని 1958లో సుప్రీంకోర్టు చెప్పింది. 1963లో మాత్రం, డ్యూటీ దిగి తన సంస్థ బస్సులోనే ఇంటికి వెళ్తూ మరణించిన ముంబయి బెస్ట్ సంస్థ డ్రైవరు కేసులో పరిహారం ఇవ్వాలంది. బస్సు ప్రయాణ సౌకర్యం ఆ ఉద్యోగంలో భాగమే కాబట్టి ఉద్యోగ పరిధి అక్కడి వరకూ విస్తరిస్తుందని వివరించింది.

2025 జులై 29న సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. తెల్లవారుజామున చక్కెర కర్మాగారంలో డ్యూటీకి మోటారు సైకిల్‌పై వెళ్తూ దారిలో మరణించిన వాచ్‌మన్ కుటుంబానికి అనుకూలంగా తీర్పునిచ్చింది. సమయం, స్థలం, పరిస్థితులను బట్టి ప్రమాదానికీ ఉద్యోగానికీ సంబంధం ఉందని తేలితే, ఇంటికీ పని స్థలానికీ మధ్య జరిగిన ప్రమాదం కూడా పరిహారానికి అర్హమేనంది. పాత చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇదే సూత్రం ఉంది.

వీటిలో ఎక్కడా విహారయాత్ర పేరెత్తి చెప్పిన నిబంధన లేదు. కాబట్టి ప్రతి కేసులోనూ సంబంధాన్ని చూపాల్సి వస్తుంది. టూర్‌ను ఎవరు ఏర్పాటు చేశారు? ఖర్చు ఎవరిది? బస్సు ఎవరు మాట్లాడారు? ఆ రోజును పనిదినంగా లెక్కించారా? రాకపోతే సెలవు కోశారా? ఈ ప్రశ్నలకు సమాధానాలే సంబంధాన్ని బలపరుస్తాయి లేదా తెంచేస్తాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈఎస్ఐ రక్షణకు నెల వేతన పరిమితి 21,000 రూపాయలు. అంతకంటే ఎక్కువ జీతం ఉన్న మేనేజర్లు, ఇంజినీర్లలో చాలామందికి ఆసరా కంపెనీ తీసుకున్న గ్రూపు ప్రమాద బీమా మాత్రమే. అదే బస్సులో వచ్చే కాంట్రాక్టు ఉద్యోగికి అది కూడా ఉండకపోవచ్చు.

ఒక్క చట్టం మాత్రం ఈ విషయంలో సందేహానికి తావివ్వలేదు. పని స్థలాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చేసిన చట్టం, ఉద్యోగ రీత్యా వెళ్లిన ఏ చోటైనా, యాజమాన్యం ఏర్పాటు చేసిన వాహనమైనా పని స్థలమేనని నిర్వచించింది. అంటే ఆ చట్టానికి సంబంధించినంత వరకు కంపెనీ బస్సు ఆఫీసు కిందే లెక్క.

ఇతర దేశాలు ఏమంటున్నాయి?

జర్మనీలో యాజమాన్యం అనుమతితో ఉద్యోగులందరికీ ఆహ్వానం ఉన్న కార్యక్రమంలో గాయపడితే చట్టబద్ధ ప్రమాద బీమా వర్తిస్తుంది. 2016 జులైలో అక్కడి ఫెడరల్ సోషల్ కోర్టు దీన్ని ఇంకా విస్తరించింది. ఒక చిన్న విభాగం వాళ్లు క్రిస్మస్ సందర్భంగా కాలినడకన వెళ్లినప్పుడు పడిపోయిన ఉద్యోగి కేసు అది. సంస్థ అధిపతి స్వయంగా రాకపోయినా, ఆ విభాగంలోని అందరికీ పిలుపు ఉంటే రక్షణ ఉంటుందని కోర్టు చెప్పింది.

అమెరికాలోని కాలిఫోర్నియా మరో కోణంలో చూస్తుంది. డ్యూటీ లేని వేళ స్వచ్ఛందంగా పాల్గొన్న వినోదంలో గాయమైతే పరిహారం ఉండదు. కానీ పాల్గొనడం ఉద్యోగంలో భాగమని యాజమాన్యం చెప్పినా, పరోక్షంగా సూచించినా, లేదా ఉద్యోగి అలా అనుకోవడం సమంజసమేనని తేలినా పరిహారం ఇవ్వాలి.

ఈ రెండో కొలమానం మన ఆఫీసులకూ బాగా అతుకుతుంది. 'ఇష్టమైతేనే రండి' అని మెయిల్‌లో రాసి, రానివారి పేర్లు మీటింగులో చదివితే అది స్వచ్ఛందం కాదు. మామూలు రోజుల్లో టూర్‌కు రాననడం ఇష్టాయిష్టాల సంగతి. రైళ్లు ఆగి, రాత్రి బస్సు తప్ప దారి లేని రోజున అది భద్రత సంగతి. చిన్నపిల్లల తల్లి, గర్భిణి, అప్పుడే నైట్ షిఫ్టు దిగిన ఉద్యోగి కారణం చెప్పకుండానే తప్పుకోగలగాలి. ఆ మాట పైనుంచి ముందే రావాలి. కిందివాళ్లు అడిగి తెచ్చుకోవాల్సిందిగా ఉండకూడదు.

ఆపేస్తే డబ్బు పోతుందా?

టూర్ ఆపకపోవడానికి చెప్పే మొదటి కారణం డబ్బు. రైలు టికెట్ల వరకు ఆ భయం అవసరం లేదు. రైల్వే రైలును పూర్తిగా రద్దు చేస్తే ఈ-టికెట్ డబ్బు మొత్తం దానంతటదే ఖాతాకు తిరిగొస్తుంది. ఎక్కాల్సిన స్టేషన్‌కు రైలు 3 గంటలకు పైగా ఆలస్యమైతే ప్రయాణం మానుకుని, రైలు బయల్దేరే లోపు టీడీఆర్ దాఖలు చేసి పూర్తి మొత్తం పొందవచ్చు. రైలును దారి మళ్లించడం వల్ల ఎక్కే స్టేషనో, దిగే స్టేషనో తప్పిపోయినా వాపసు వస్తుంది. విమానం రద్దయితే మరో విమానమో, డబ్బు వాపసో ఎంచుకునే హక్కు ప్రయాణికుడిదే.

ఇబ్బంది హోటల్, రిసార్టు, బస్సు అడ్వాన్సులతోనే. వాటికి బుకింగ్ షరతులే ఆధారం. హోటల్ తెరిచే ఉంది, మీరు రాలేకపోయారు అంతే కదా అని యజమాని అనవచ్చు. అందుకే బుక్ చేసేటప్పుడే రైల్ రోకో, బంద్, తుపాను, రైళ్ల రద్దు వంటి పరిస్థితుల్లో తేదీ మార్చుకునే వీలుండాలని రాయించుకోవాలి. వాపసు ఇవ్వడానికి ఒప్పుకోని యజమానులు కూడా తేదీ మార్పుకు ఒప్పుకునే అవకాశం ఉంది. గది ఖాళీగా ఉండటం కంటే మరో వారం నిండటం వారికీ లాభమే.

టూర్ జరగాలి, ప్రమాదం పెరగకూడదు అంటే?

అవాంతరం వచ్చిన ప్రతిసారీ టూర్ రద్దు చేయాలని దీని అర్థం కాదు. ప్రయాణం దెబ్బతిన్నప్పుడు గమ్యాన్ని మార్చాలి తప్ప, అదే గమ్యానికి అంతకంటే ప్రమాదకరమైన దారి వెతకకూడదు.

జంషెడ్‌పూర్‌కు ఈ విషయంలో పెద్ద సౌకర్యం ఉంది. డిమ్నా సరస్సు ఊరికి 13 కి.మీ. దూరంలోనే ఉంది. ఏనుగులకు పేరొందిన దల్మా అభయారణ్యం, చాండిల్ డ్యామ్, ఘాట్‌శిలా దగ్గరి బురూడీ సరస్సు పగటిపూట వెళ్లి చీకటి పడేలోపు తిరిగి రాగలిగిన చోట్లే. విశాఖ ఆఫీసుకు భీమిలి తీరం, హైదరాబాద్ ఆఫీసుకు అనంతగిరి కొండలు అలాంటివే. టూర్ తేదీ ఖరారు చేసిన రోజే ఇలాంటి రెండో చోటును కూడా అనుకుని ఉంచుకుంటే, రైలు రద్దైన సాయంత్రం హడావిడిగా బస్సు వెతకాల్సిన అవసరం రాదు.

బస్సు తప్పనిసరైతే పగలే బయల్దేరాలి. దూరమైతే ఇద్దరు డ్రైవర్లు ఉండాలి, వాళ్లు ముందురోజు ఎప్పటివరకు నడిపారో అడగాలి. పర్మిట్, ఫిట్‌నెస్, బీమా పత్రాలు బస్సెక్కే ముందు చూడాలి. అత్యవసర ద్వారం ఎక్కడుందో అందరికీ చూపించాలి. కాంట్రాక్టు సిబ్బంది, కుటుంబ సభ్యులు సహా బస్సులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ రెండు మూడు రోజులకు ప్రమాద బీమా తీసుకోవాలి. ఒక్కరోజు భోజనం ఖర్చుతో పోలిస్తే అది పెద్ద మొత్తం కాదు.

అన్నింటికంటే ముఖ్యం, 'ఆపేద్దాం' అనే అధికారం ఎవరిదో ముందే తేల్చుకోవడం. టూర్ ఏర్పాటు చేసిన ఉత్సాహవంతుడే ఆ నిర్ణయం కూడా తీసుకోవాల్సి వస్తే అతను ఆపలేడు. పది మంది తన వైపు చూస్తుంటే ఎవరికైనా అది కష్టమే. టూర్ ఏర్పాట్లతో సంబంధం లేని ఒకరికి, ఫలానా పరిస్థితి వస్తే వాయిదా అని రాతపూర్వకంగా ఆ బాధ్యత అప్పగించాలి. కర్మాగారాల్లో ప్రమాదం కనిపిస్తే ఏ కార్మికుడైనా పని ఆపించవచ్చనే నియమం భద్రతా పద్ధతుల్లో చాలాకాలంగా ఉంది. ఉక్కు కొలిమి దగ్గర పాటించే ఆ నియమం బస్సు తలుపు దగ్గర కూడా పనికొస్తుంది.